పదకొండు నూనె సీసాలు

జులై 9

హెల్త్ సెంటర్లో ఓదార్పు మాటలు చెప్పే పిల్ల రాయమంది. మనసులో ఉన్నదంతా కాగితం మీద పెడితే బరువు దిగుతుందట. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయేమో, మాట్లాడినంతసేపూ చూయింగ్ గమ్ నములుతూనే ఉంది. మూడో తరగతితో ఆపేశానమ్మా అన్నాను. తప్పులున్నా ఫర్వాలేదు, ఎవరూ చూడరు అంది. ఎవరూ చూడనిదానికి ఇంత కష్టం దేనికో.

నోటుబుక్కు నా కొడుకు నిల్సన్‌ది. ముందు పేజీల నిండా వాడు గీసిన ముక్కోణాలూ అంకెలూ. ఒక్కటీ అర్థం కాలేదు. చింపలేదు. వెనకనుంచి రాస్తున్నాను.

మొన్నటికి వాడు పోయి నెల. ఈరోజు వీధిలోకి దోమల మందు పొగ కొట్టేవాళ్ళు వచ్చారు. తెల్ల డ్రెస్సులు, వీపున డబ్బాలు. ఇంట్లో జ్వరాలేమైనా ఉన్నాయా అని అడిగారు. ఉండేది, ఇప్పుడు లేదు అన్నాను. కాగితంలో "లేదు" అని రాసుకుని చాలా సంతోషంగా వెళ్ళారు. బస్టాండులో అమ్ముకోవడానికి వేయించి పెట్టిన అరటికాయ చిప్స్ రెండు బుట్టలు పొగ వాసనకి పారబోశాను. దోమ మాత్రం ఒక్కటీ చావలేదు. గోడ మీద కూర్చుని నన్నే చూస్తోంది.

పొగ పోవాలని నిల్సన్ మంచం జరిపితే కింద బేబీ ఆయిల్ సీసాలు. పసిపిల్లలకి ఒళ్ళంతా రాసే నూనె. ప్రతి సీసా మీదా బోసినోటి పాప బొమ్మ. అన్నీ ఖాళీ. పదకొండు.

జులై 10

మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.

జులై 16

మా ఆయన చెల్లెలు ఒటిలియా ప్రతి ఆదివారం వచ్చి జపమాల చెబుతుంది. పిలిచినా వస్తుంది, పిలవకపోయినా వస్తుంది. ఎక్స్‌ప్రెస్ బస్సులాగా, మధ్యలో ఎక్కడా ఆగదు. పరలోకమందున్న మా తండ్రీ అనేసరికి ఆమెన్ దగ్గరుంటుంది. ఆ తర్వాత రెండు కప్పుల కాఫీ తాగి దుఃఖపడుతుంది.

సీసాలు చూపించాను.

"గాజు కోసే పని కదా వదినా, చేతులు పగిలి రాసుకుని ఉంటాడు."

"పదకొండు సీసాలా? ఏనుక్కి రాసినా మిగులుతుంది."

"అయితే ఏమంటావు?"

"ఏమీ అనను."

"నువ్వు ఏమీ అనను అన్నావంటే నాకు భయం వదినా. మా అన్న పెళ్ళికి ముందు కూడా ఇలాగే అన్నావు."

ఒటిలియాకి చెప్పనిది ఇక్కడ రాస్తాను. నిల్సన్‌కి ఇరవై నాలుగేళ్ళు. గాజు షాపులో పని, పని కాగానే ఇంటి వెనక రేకుల గదిలో దూరి తలుపేసుకునేవాడు. నేరుగా అక్కడికే వస్తాడనుకున్నాను. ఇప్పుడు గుర్తొస్తోంది, వారం వారం చేతిలో మందుల షాపు సంచి ఉండేది. మూడు వీధుల అవతల షాపు. అక్కడ కౌంటర్లో యెస్సేనియా అని ఒకమ్మాయి. ఆ పిల్లకి ఏడాదిన్నర కొడుకు. వాళ్ళింట్లో మగమనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

నాకు చదువు లేదు గాని లెక్క వచ్చు.

మనవడే ఉంటే, దేవుడు ఇల్లంతా ఊడ్చుకుపోలేదన్నమాట. తొందరలో ఒక మూల వదిలేశాడు.

జులై 22

మందుల షాపుకి వెళ్ళాను. ఊరికే నిలబడితే బాగుండదని థర్మామీటర్ ఇమ్మన్నాను.

యెస్సేనియా సన్నగా, చురుగ్గా ఉంది. పిల్లాడు కౌంటర్ వెనక అట్టపెట్టెలో కూర్చుని ఖాళీ డబ్బాని కొరుకుతున్నాడు. పేరు లియాం అట. ఇప్పుడు ఈ ఊళ్ళో రాయి విసిరితే ఒక లియాం‌కి తగులుతుంది. నిల్సన్ పెట్టే పేరు కాదు. ఆ పిల్లే పట్టుబట్టి ఉంటుంది.

"మీ అబ్బాయి పోయాడని విన్నానండీ. నెమ్మదైన మనిషి. వారానికి రెండు సీసాలు పట్టుకుపోతుంటే, ఇంట్లో కవలలున్నారా అని ఏడిపించేదాన్ని."

"ఏమనేవాడు?"

"నవ్వేవాడండీ."

ఎంత గట్టి పిల్ల. ఒక్క రెప్ప కూడా కొట్టలేదు. నా ముందే ఇంత దాచగలిగిందంటే నా ఇంటి కోడలు కావలసిన మనిషే.

పిల్లాడి చెవులు చూశాను. పైన మడత పడి ఉన్నాయి. నిల్సన్ చెవులు.

ఆగస్టు 2

మూడో థర్మామీటర్ కొన్నాను. జూన్‌లో ఈ ఇంట్లో ఒక్కటీ లేదు. వాడి నుదురు మీద చెయ్యి పెట్టి, తగ్గుతుందిలే అన్నాను.

ఆగస్టు 13

నిల్సన్ స్నేహితుడు ఎడ్విన్ వచ్చాడు. ఆటో నడుపుతాడు. గుమ్మం బయటే నిలబడి టోపీ నలిపాడు.

"పిన్నీ, నిల్సన్ చేసిన ఆ అద్దం పెట్టె ఒక్కసారి చూసి పోతాను. అలా వదిలేస్తే పాడవుతుంది."

"ఏ అద్దం?"

"ప్రొజెక్టర్ ముందు పెట్టేది. బస్సు ఆటకి."

ఆ ఆట మాట ఎత్తొద్దన్నాను. ఎత్తాడు గనక రాస్తున్నాను. నిల్సన్ నాన్న బస్సు డ్రైవరు. వాడికి నాలుగేళ్ళప్పుడు సెచురా ఎడారి దారిలో, ఇసుక మేట వేసిన ఒక మలుపు దగ్గర బస్సు బోల్తాపడి పోయాడు. ఇరవై ఏళ్ళ నుంచి నేను బస్టాండులో చిప్స్ అమ్ముతున్నాను గాని బస్సెక్కలేదు. నిల్సన్ పెద్దయ్యాక డ్రైవర్ లైసెన్సు తీసుకుంటానన్నాడు. నా శవం మీద అన్నాను. సరే అమ్మా అన్నాడు. అని, రేకుల గదిలో పాత కుర్చీ, స్టీరింగు, మూతపడిన ట్యూషన్ సెంటర్ దగ్గర కొన్న ప్రొజెక్టర్ పెట్టుకుని ఆటలో బస్సు నడపడం మొదలెట్టాడు.

ఒక్కసారి, పోయిన ఏడాది, కాఫీ ఇద్దామని ఆ తలుపు తీశాను. ఈ గోడనుంచి ఆ గోడదాకా బస్సు ముందద్దం. అందులో అదే ఎడారి, అదే రోడ్డు, నా మీదికే వస్తోంది. కప్పు జారిపోయింది. "ఆ రోడ్డుని ఇంట్లోకి తెచ్చావా" అన్నాను. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. కాఫీ తలుపు బయట స్టూలు మీద పెట్టేదాన్ని.

రోడ్డు మీదికి పోనివ్వకుండా కాపాడుకున్నాను గదా. దోమ వచ్చి ఇంట్లోనే తీసుకుపోయింది. దానికి లైసెన్సు అక్కర్లేదు.

ఎడ్విన్ ఇంకా ఏదో చెప్పబోయాడు. పెట్టె, కారడం, నూనె అని. అప్పుడే బొప్పాయిల బండి మైకు మోగింది. వినబడలేదని చెప్పి తలుపేశాను.

ఆగస్టు 14

వినబడలేదు.

సెప్టెంబర్ 3

నిల్సన్ చిన్నప్పటి ఫోటో ఒటిలియా ముందు పెట్టాను. మందుల షాపులో లియాం‌ని కూడా చూసి రమ్మన్నాను. దగ్గు మందు కొనుక్కుని వచ్చింది.

"చెవులు చూశావా?"

"చూశాను. రెండున్నాయి."

"మడత?"

"పిల్లలందరి చెవులూ మెత్తగానే ఉంటాయి వదినా. ఆ లెక్కన ఈ ఊరంతా మీ వాడి సంతానమే."

"నీకు ఓర్వలేనితనం."

"నాకు ఆరుగురు మనవలున్నారు. ఒక్కణ్ణి పట్టుకుపో, కళ్ళు మూసుకుని ఇస్తాను. పెద్దవాణ్ణయితే ఇంకా మంచిది, తిండి ఖర్చు తగ్గుతుంది."

వెళ్ళేటప్పుడు వాకిట్లో కళ్ళు తుడుచుకుంది. ఏడుపు విషయంలో మాత్రం ఒటిలియా ఆలస్యంగా వచ్చే బస్సు.

సెప్టెంబర్ 19

లియాం‌కి మెత్తని తీపి చిప్స్ చేసి తీసుకెళ్ళాను. నా వేలు పట్టుకుని కొరికాడు. పళ్ళు బాగానే వచ్చాయి.

అక్టోబర్ 8

ఈ వారం థర్మామీటర్ కొనలేదు. యెస్సేనియాయే నవ్వి, "ఇంకా జ్వరం తగ్గలేదా అండీ" అంది. నాకూ నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంటికొచ్చి నన్ను నేను తిట్టుకున్నాను, తర్వాత ఎండుమాంసం, దంచిన అరటికాయ కలిపి కూర వండుకుని రెండుసార్లు పెట్టుకు తిన్నాను. అదీ రాస్తున్నాను. బరువు దిగుతుందన్నారుగా. నాకు పెరిగింది.

అక్టోబర్ 29

వేలెడంత రొట్టెలు కాల్చాను. చిలగడదుంప మిఠాయి, కొబ్బరి ఉండలు. తెల్ల కాగితం సంచి కత్తిరించి అంచులు పువ్వులా చేశాను. ఒటిలియా చూసి కాఫీ కప్పు దించింది.

"నవంబర్ ఒకటికా?"

"అవును."

"వదినా, అది పసితనంలో పోయినవాళ్ళకి. పోయిన బిడ్డ ఈడు, పోలిక ఉన్న పిల్లాణ్ణి చౌరస్తాలో వెతికి, చేతిలో సంచి పెడతారు. ఆ పిల్లాడు తింటే మన బిడ్డ తిన్నట్టు. నీ కొడుక్కి ఇరవై నాలుగు. ఎవడికిస్తావు? మీసాలున్నవాణ్ణి ఆపి, బాబూ ఈ మిఠాయి తినమంటావా?"

"ఎవరికివ్వాలో నాకు తెలుసు."

"అదే నా భయం."

నవంబర్ 1

చర్చి ముందు చౌరస్తా నిండా తల్లులు. మా ఊరు కతకావోస్‌లో ఈ ఒక్కరోజు ఆడవాళ్ళు పిల్లల ముఖాలు పట్టి పట్టి చూసినా ఎవరూ తప్పు పట్టరు. పిల్లలున్నవాళ్ళు కూడా స్నానం చేయించి, తల దువ్వి, కావాలనే తిప్పుతారు. యెస్సేనియా లియాం‌ని ఎత్తుకుని ఐస్ బండి దగ్గర నిలబడి ఉంది.

నేరుగా వెళ్ళి వాడి చేతిలో సంచి పెట్టాను. యెస్సేనియా తల వంచింది.

"ఎవరి పేరు మీదండీ?"

"నిల్సన్."

"నిల్సన్ అంటే... చిన్నప్పుడు పోయిన బాబుకీ అదే పేరు పెట్టారా?"

"నాకు ఉన్నది ఒక్కడే. ఇక దాచక్కర్లేదమ్మా. నాకు తెలుసు."

"ఏం తెలుసండీ?"

"చెవులు," అన్నాను. ఎన్ని వారాలుగా కూడబెట్టుకున్న మాటలు. నోట్లోంచి వచ్చింది చెవులు ఒక్కటే.

ఆమె పిల్లాడి చెవి వైపు చూసింది. నా వైపు చూసింది. అప్పుడు మొత్తం చెప్పాను. పదకొండు సీసాలు, వారం వారం షాపు, ఇంట్లో మగమనిషి లేకపోవడం. నవ్వబోయింది, నా ముఖం చూసి ఆపుకుంది. ఆ ఆపుకోవడంతోనే నా లెక్క తప్పని తెలిసిపోయింది. మిగతా అంతా ఊరికే విన్నాను.

"వీడి నాన్న పైతా రేవులో ఉంటాడండీ, చేపల కంపెనీలో. నెలకోసారి వస్తాడు, వచ్చినప్పుడల్లా గొడవే. మీ అబ్బాయి నాతో నూనె, చిల్లర తప్ప ఇంకో మాట ఎత్తేవాడు కాదు. ఒకసారి మాత్రం వీడికి దగ్గొస్తే, మా అమ్మ ఉల్లిరసం పట్టిస్తుంది, పనిచెయ్యదు గాని ఆవిడ తృప్తి కోసం తాగాలి అన్నాడు."

"మరి నూనె దేనికి?"

"అద్దంలో పొయ్యడానికన్నాడు. బస్సు అద్దమట. నేనూ నమ్మలేదు. ఏదో దాస్తున్నాడనుకున్నాను."

ఇద్దరం ఒకే మూర్ఖత్వంలో ఉన్నామన్నమాట. అందులో కూడా నేనే ముందు.

పక్కన ఇద్దరు ఆడవాళ్ళు మాటలాపేసి కొబ్బరి ఉండలు నములుతూ వింటున్నారు. ఒకావిడ "పాపం" అంది, ఏ మాటా తప్పిపోకుండా ఇంకో అడుగు దగ్గరికి జరిగింది.

యెస్సేనియా సంచి నా వైపు చాచింది. "తిరిగి తీసుకుంటారా అమ్మా? పోలిక లేని బిడ్డ తినకూడదంటారు కదా."

అప్పటికే లియాం మూడో రొట్టెలో ఉన్నాడు. వాడికి ఏ సందేహమూ లేదు.

"తిననీ," అన్నాను. "పోలిక లేకపోతే లేకపోయె. ఆకలుందిగా."

నవంబర్ 2

స్మశానంలో కొవ్వొత్తి వెలిగించాను. గాలికి ఆరింది. మళ్ళీ వెలిగించాను. ఒటిలియా ఒక్క దెప్పుమాటా అనలేదు. అనుంటే బాగుండేది.

నవంబర్ 4

ఎడ్విన్‌కి కబురు పెట్టాను. పొద్దున్నే వచ్చాడు. రేకుల గది తాళం నేనే తీశాను. కిటికీకి నల్ల ప్లాస్టిక్ కట్టి ఉంది. కుర్చీ మీద నిల్సన్ చొక్కా ఉంది. దాన్ని తియ్యలేదు, పక్కన నిలబడ్డాను.

ప్రొజెక్టర్ ముందు చెక్కపెట్టె. అందులో రెండు గాజు డబ్బాలు, కేకు ముక్కల్లాగా ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం. వాడే కోసి అంటించినవి. లోపల తేటగా ఏదో ఉంది. ఒక దాని అంచు కారి, కింద గుడ్డ తడిసింది. వాసన చూశాను. స్నానం చేయించిన పసిబిడ్డ వాసన.

పదకొండు సీసాల నూనే అక్కడుంది.

"చెప్పు," అన్నాను.

"ఆ రోజే చెబుదామనుకున్నాను పిన్నీ, బొప్పాయి బండి వచ్చింది." వాడు నా వైపు చూడలేదు. మంచి పిల్లాడు. "ప్రొజెక్టర్ ఇచ్చేది పాత టీవీ లాంటి బొమ్మ, ఇంతే వెడల్పు. బస్సు అద్దం అలా ఉండదుగా. అందుకని ఆటలో ముందే బొమ్మని రెండు పక్కలా నొక్కి సన్నగా చేస్తాం. ఈ గాజులు రెండూ దాన్ని మళ్ళీ పక్కలకి లాగుతాయి. ఎంత నొక్కామో అంత లాగితే లోకం సరిగ్గా ఉంటుంది, గోడంతా నిండుతుంది. కొనే అద్దమైతే నా ఆటో అమ్మినా రాదు. వీడు గాజు కోశాడు."

"నూనె దేనికి?"

"ఖాళీ గాజు వెలుతురుని వంచదు పిన్నీ. లోపల ఏదో ఒకటి ఉండాలి. మొదట నీళ్ళే పోశాడు. పైన మూత సరిగ్గా పడలేదు. నీళ్ళు నిలవుంటే దోమలు గుడ్లు పెడతాయి, మా అమ్మ చంపేస్తుందని నూనెకి మార్చాడు."

నేను స్టూలు మీద కూర్చున్నాను. వాడికి జ్వరం రాకముందు వర్షాలకి వీధి వీధంతా మోకాళ్ళ లోతు చెరువై రెండు నెలలుంది. అందులో కప్పలు కాపురాలు పెట్టాయి. నా కొడుకు రెండు డబ్బాల నీళ్ళకి భయపడి పదకొండు సీసాల నూనె కొన్నాడు. అమ్మ చెప్పిందని.

కాసేపయ్యాక వాడి ఫోటో ఏదైనా ఉంటే గోడ మీద వెయ్యమన్నాను. ఎడ్విన్ తటపటాయించాడు.

"అద్దం తీసేసి వేస్తాను పిన్నీ. ఫోటోని ఎవరూ నొక్కలేదు కదా, ఇలాగే వేస్తే లాగేస్తుంది."

"ఇలాగే వెయ్యి."

వేశాడు. నిల్సన్ గోడంతా వచ్చాడు. బుగ్గలు పూరీల్లా పొంగి, మెడ లేకుండా, మునిసిపాలిటీ కౌన్సిలర్లాగా. ఇరవై నాలుగేళ్ళు కుండలు కుండలు వండి పెట్టినా రాని ఒళ్ళు నూనె ఒక్క క్షణంలో తెచ్చింది. నూనె కారిన చోట కాంతి విరిగి గడ్డం మీదుగా అడ్డంగా ఒక గీత. అంతే లోపం.

"తియ్యనా పిన్నీ?"

"ఉండనీ. కాస్త తిన్నట్టున్నాడు."

ఎడ్విన్ ముక్కు చీదుకుంటూ వైర్లు సరిచేస్తున్నట్టు నటించాడు. అద్దంలో నూనె తగ్గింది, ఒక సీసా పోస్తే గీత పోతుందన్నాడు. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నాళ్ళకి మొత్తం ఖాళీ అవుతుంది, గాజు ఊడిపోతుంది. రేపు రమ్మన్నాను.

నవంబర్ 5

మందుల షాపుకి వెళ్ళేటప్పుడు వీధి ఇంత పొడుగని ఇప్పటిదాకా తెలియలేదు. మొన్నటి కథ ఊరంతా తిరిగొచ్చింది. కూరల షాపావిడ నాకు ఉచితంగా కొత్తిమీర ఇచ్చింది. ఊరు జాలిపడితే కొత్తిమీర వస్తుంది, అది తెలిసింది.

"థర్మామీటరా అండీ?" యెస్సేనియా మెల్లిగా అడిగింది.

"కాదు. బేబీ ఆయిల్. ఒక సీసా."

"ఎవరికి?"

"మా వాడికి."

నవ్వలేదు. పెద్ద సీసా తీసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. లియాం అట్టపెట్టెలోంచి లేచి నా గౌను పట్టుకున్నాడు. ఏమైనా తెచ్చానేమోనని చేతులు రెండూ తెరిచి చూశాడు. వాడి చెవులు మళ్ళీ చూశాను. నిజం చెప్పాలంటే అసలు పోలిక లేదు. కొబ్బరి ఉండ ఒకటి సంచిలో ఉంటే ఇచ్చాను.

ఇంటికొచ్చి నేనే పోశాను. పసిబిడ్డకి ఒంటి మీద పోసేటప్పుడు చేతిలో పట్టి వెచ్చ చేసుకుంటాం కదా, అలవాటు కొద్దీ సీసాని అరచేతుల మధ్య రుద్దాను. ఎడ్విన్ నిన్నటి ఫోటో మళ్ళీ గోడ మీద వేశాడు. దారం లాగా పోశాను. గాజులో నూనె పైకి లేచింది. గోడ మీద గీత కూడా పైకి పైకి పోయి, గడ్డం దాటి, నుదురు దాటి, పైనెక్కడో మాయమైంది.

ఫోటో తీసి బస్సు పెట్టమన్నాను. చొక్కా మడిచి ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. స్టీరింగు ఎడ్విన్ పక్కనుంచి పట్టుకున్నాడు. గోడంతా ఎడారి. ఇప్పుడు అంతా సరైన కొలతలో ఉంది, ఏదీ సన్నంగా లేదు, లావుగా లేదు. ఆ మలుపు నాకు దూరం నుంచే తెలిసింది. ఎప్పుడూ చూడకపోయినా రోజూ చూసిన మలుపు.

"పిన్నీ, ఆపనా?"

"ఎవరు ఆపమన్నారు. పోనీ."

పోయింది. మలుపు అవతల ఏముందో ఇరవై ఏళ్ళలో ఎవర్నీ అడగలేదు. ఒక పెట్రోలు బంకు ఉంది. రెండు మేకలు ఉన్నాయి. తర్వాత మళ్ళీ రోడ్డే. నిల్సన్ ఇక్కడిదాకా ఎన్నిసార్లు వచ్చి ఉంటాడో. తలుపవతల కాఫీ చల్లారిపోతుంటే.

"ఆ రెండో మేక లావుగా ఉందేం?" అన్నాను. "అద్దం మళ్ళీ కారుతోందా?"

ఎడ్విన్ వంగి చూశాడు. "లేదు పిన్నీ. నిల్సన్ పెట్టిన మేక అది. అది మేకే లావు."

సీసాలో సగం మిగిలింది. మంచం కింద మిగతావాటి పక్కన పెట్టలేదు. ఆ అంటింపు ఎక్కువ రోజులు ఆగదు, మళ్ళీ కారుతుంది అన్నాడు ఎడ్విన్. కారనీ. మందుల షాపు మూడు వీధుల అవతలేగా.